ఆసుపత్రులలో రోగి భద్రత

చికిత్స కోసం ఆసుపత్రికి వచ్చిన మనిషికి, తనకున్న జబ్బు వలన కాక, చికిత్స జరిగే తీరు వలన హాని కలుగకుండా చూడటాన్ని రోగి భద్రత అంటారు. వైద్యవర్గాలలో దీనికి పేషెంట్ సేఫ్టీ అనే మాటే ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఒకరి మందు మరొకరికి ఇవ్వడం, శస్త్రచికిత్స తరువాత పుండు చీము పట్టడం, సరిపడని రక్తం ఎక్కించడం, మంచం మీద నుండి పడిపోవడం, ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి పంపేటప్పుడు ముఖ్యమైన సమాచారం దారిలో పోవడం వంటివన్నీ ఈ విషయం కిందకు వస్తాయి. వీటిలో చాలా భాగం వైద్యుని తెలివితక్కువతనం వలన గాని, నర్సు నిర్లక్ష్యం వలన గాని జరిగేవి కావు. రోజూ ఒకే విధంగా చేసే చిన్న చిన్న పనులలో ఎక్కడో ఒకచోట జారిపోవడం వలన జరిగేవి. అందుచేత ఆసుపత్రిలో పని నిజంగా ఎలా జరుగుతున్నదో దగ్గరగా గమనించి, దానిని బట్టి ఏర్పాట్లు మార్చడం ఈ శాస్త్రంలో ప్రధానమైన మార్గంగా నిలిచింది.

వియన్నా ఉదాహరణ

నిత్యకృత్యాలను గమనించి ప్రాణాలు కాపాడిన తొలి వైద్యులలో హంగేరీకి చెందిన ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ ముఖ్యుడు. ఆయన పనిచేసిన వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్యవిద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణించగా, రెండవ విభాగంలో ఆ సంఖ్య నూటికి మూడుకు లోపే ఉన్నది. గాలి చెడ్డదనుకుందామంటే రెండు విభాగాలదీ ఒకే గాలి. సెమ్మెల్వైస్ రెండు చోట్లా జరిగే పనులను ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. కాన్పు సమయంలో పడుకోబెట్టే తీరును మార్చాడు. చనిపోతున్నవారి కోసం వచ్చే మతగురువు గంట మోగిస్తే బాలింతలు బెదిరిపోతున్నారేమోనని ఆ గంటను కూడా మాన్పించాడు. ఫలితం లేకపోయింది.

1847 మార్చిలో ఆయన మిత్రుడు కొల్లెచ్కా శవపరీక్షలో కత్తి గాటు తగిలి, బాలింతలకు వచ్చే జ్వరం లక్షణాలతోనే మరణించాడు. అప్పుడు విషయం తెలిసింది. విద్యార్థులు ఉదయం శవపరీక్ష గది నుండి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చేవారు. మంత్రసానులు శవపరీక్షలు చేయరు. చేతులను క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో కడుక్కొనే నియమం పెట్టిన తరువాత, 1848 నాటికి మొదటి విభాగంలో మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగాయి. సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలియక ముందే, కేవలం ఎవరు ఎక్కడి నుండి ఎక్కడికి నడుస్తున్నారో గమనించి సాధించిన ఫలితమిది. తోటి వైద్యులు మాత్రం తమ చేతులే చావుకు కారణమనే మాటను సహించలేకపోయారు.

హైదరాబాదు క్లోరోఫారం సంఘం

తెలుగునేల మీద రోగి భద్రతను గురించి జరిగిన తొలి పెద్ద పరిశోధన హైదరాబాదులో జరిగినది. పందొమ్మిదవ శతాబ్దంలో శస్త్రచికిత్సలకు మత్తుమందుగా క్లోరోఫారం వాడేవారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఒక్కొక్కప్పుడు మత్తులోనే హఠాత్తుగా చనిపోయేవాడు. గుండె ముందు ఆగుతున్నదా, శ్వాస ముందు ఆగుతున్నదా అన్నది వివాదం. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, తాను వేల సార్లు క్లోరోఫారం ఇచ్చిన అనుభవాన్ని బట్టి, శ్వాసే ముందు ఆగుతుందని, నాడిని కాక ఊపిరిని గమనిస్తే ప్రమాదం ఉండదని నమ్మాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సహాయంతో 1888లో ఒక సంఘాన్ని ఏర్పరచి జంతువుల మీద ప్రయోగాలు చేయించాడు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఆ ఫలితాలను శంకించగా, నిజాం వేయి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుని పంపమని కోరాడు. అలా వచ్చిన లాడర్ బ్రంటన్‌తో కలిసి 1889లో రెండవ సంఘం పనిచేసింది. అది కూడా లారీ అభిప్రాయాన్నే సమర్థించింది. ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలిగా పలువురు పేర్కొనే రూపాబాయి ఫర్దూన్జీ ఈ కాలంలోనే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి, మత్తు ఇవ్వడంలో నేర్పు సంపాదించింది.

అయితే సంఘం తీర్మానం సరైనది కాదని తరువాత తేలింది. తక్కువ మోతాదు మత్తులో కూడా క్లోరోఫారం గుండె లయను చెడగొట్టి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకంగా చూపించాడు. ఊపిరిని ఏమరక కనిపెట్టి ఉండమన్న సలహా మంచిదే. కాని "నా చేతిలో ఎవరూ చనిపోలేదు గనుక నా పద్ధతి క్షేమకరం" అనే వాదంలో లోపమున్నది. అరుదుగా జరిగే ప్రమాదం ఒకరి అనుభవంలో కనబడకపోవచ్చు. ఈ పాఠాన్ని హైదరాబాదు వైద్యచరిత్రను గురించి రాసేవారు తరచుగా విడిచిపెట్టి, నిజాం ఔదార్యాన్ని మాత్రమే చెప్పి ఊరుకుంటారు.

ఇరవయ్యవ శతాబ్దం

కర్మాగారాలలో పనివారి కదలికలను చలనచిత్రంగా తీసి పరిశీలించిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్, 1910ల్లో శస్త్రచికిత్స గదులను కూడా అలాగే పరిశీలించాడు. సర్జన్ తనకు కావలసిన పరికరాన్ని తానే వెదుక్కొంటూ ఎక్కువ సేపు వృథా చేస్తున్నాడని గమనించి, పక్కన ఒకరు నిలబడి అడిగినది చేతికందించాలని సూచించాడు. ఇప్పుడు ఏ థియేటర్‌లోనైనా అదే ఆచారం. 1978లో అమెరికాకు చెందిన జెఫ్రీ కూపర్ బృందం మత్తువైద్యులను కలిసి, ప్రాణం మీదకు వచ్చి తప్పిపోయిన సంఘటనలను చెప్పించింది. హాని జరిగినవాటినే కాక, జరగబోయి తప్పినవాటిని కూడా లెక్కించడం అప్పటి నుండి బలపడింది. 1999లో అమెరికా వైద్యసంస్థ వెలువరించిన నివేదిక, ఆ దేశపు ఆసుపత్రులలో ఏటా 44,000 నుండి 98,000 మంది వరకు నివారించదగిన పొరపాట్ల వలన మరణిస్తున్నారని అంచనా వేయడంతో ఈ విషయం వార్తాపత్రికలకు ఎక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఇందుకోసం ఒక కూటమిని ఏర్పరచింది. 2019 నుండి సెప్టెంబరు 17వ తేదీని ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు.

బ్రిటన్‌కు చెందిన మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ చెప్పిన జున్నుముక్కల పోలిక ఈ రంగంలో ప్రసిద్ధమైనది. రంధ్రాలున్న జున్నుముక్కలను వరుసగా నిలబెడితే, అన్నిటి రంధ్రాలు ఒకే వరుసలోకి వచ్చినపుడే వెలుతురు అవతలకు పోతుంది. ప్రమాదం కూడా అంతే. మన జున్నుకు రంధ్రాలుండవు కనుక, వేర్వేరు జల్లెడలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఊహించుకొంటే సరిపోతుంది.

రాసిన పని, చేసిన పని

1950ల నాటి ఫ్రెంచి శ్రమశాస్త్రజ్ఞులు, అప్పగించిన పని వేరు, కార్మికుడు నిజంగా చేసే పని వేరు అని గుర్తించారు. డెన్మార్కుకు చెందిన ఎరిక్ హోల్నాగెల్ మొదలైనవారు ఈ భేదాన్ని ఆసుపత్రులకు అన్వయించారు. పుస్తకంలో రాసిన పని అన్ని వసతులూ, సరిపడా మనుషులూ ఉంటారని అనుకొని రాసినది. వార్డులో పని, ముగ్గురు ఉండవలసిన చోట ఒక్క స్టాఫ్ నర్సు ఉండగా, కరెంటు పోయి వస్తుండగా జరిగేది. నర్సు ప్రతిరోజూ ఏదో ఒక సర్దుబాటు చేసుకొంటుంది. ఆ సర్దుబాట్ల వలననే పని నడుస్తున్నది. ఎప్పుడో ఒకసారి ప్రమాదం జరిగేదీ ఆ సర్దుబాటు దగ్గరే. కనుక ప్రమాదం జరిగిన రోజును మాత్రమే విచారించడం చాలదని, ఏమీ జరగని మామూలు రోజులలో పని ఎలా సాగుతున్నదో చూడాలని వీరి వాదం. 2015లో హోల్నాగెల్, రాబర్ట్ వేర్స్, జెఫ్రీ బ్రెయిత్‌వెయిట్ కలిసి ప్రచురించిన పత్రం దీనికి ఆధారగ్రంథం వంటిది.

ఇటువంటి అధ్యయనానికి యంత్రాలు అక్కరలేదు. పరిశీలకుడు ఒక డ్యూటీ మొత్తం ఒక నర్సు వెంటనో, ఒక ఎం.ఎన్.ఓ. వెంటనో ఉండి, ఎవరు ఎప్పుడు పిలిచారు, ఎన్నిసార్లు చేస్తున్న పని మధ్యలో ఆగింది, ఏ వస్తువు కోసం ఎక్కడికి వెళ్ళవలసి వచ్చింది అన్నది రాసుకొంటాడు. తప్పు పట్టడానికి కాదని ముందుగా నమ్మకం కలిగించాలి. లేనిచో చూస్తున్నంత సేపు అందరూ పుస్తకంలో ఉన్నట్లే చేస్తారు. "ఈ పని ఎందుకు ఇలా చేశావమ్మా?" అని అడిగితే సంజాయిషీ వస్తుంది. "ఈ పనిలో కష్టమెక్కడ ఉన్నది?" అని అడిగితే సమాచారం వస్తుంది.

వార్డులో తరచుగా కనబడే సంగతులు

మొదటిది పేరు. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు ఎక్కువగా ఉంటుంది. కనిగిరి, పామూరు, కందుకూరు ప్రాంతాలలో మాలకొండ నరసింహస్వామి పేరు పెట్టుకొన్న మాలకొండయ్యలు, మాలకొండమ్మలు ఊరికి పదిమంది ఉంటారు. ఒకే వార్డులో ఇద్దరు మాలకొండయ్యలు ఉండి, "మాలకొండయ్య ఎవరు?" అని పిలిస్తే, చెవి సరిగా వినబడని పెద్దాయన చేయి ఎత్తవచ్చు. అందుచేతనే కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, మంచం నంబరును గుర్తుగా తీసుకోరాదని నియమం. మంచాలు మారుతుంటాయి. పేరు మనం చెప్పి అవునా అని అడగడం కాక, "మీ పేరేమిటి, ఇంటిపేరేమిటి, ఏ ఊరు?" అని రోగి చేతనే చెప్పించడం మేలు.

రెండవది చీటీ. మందుల పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం, వైద్యుని దస్తూరి అర్థం కాకపోవడం అందరికీ తెలిసినదే. మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో, అసలు పేరుతో రాయాలని భారత వైద్యమండలి 2016లో నిబంధన తెచ్చింది. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకోవలసిన మందు. దానిని రోజూ వేసుకొని ప్రాణాపాయం తెచ్చుకొన్నవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. చీటీలో వారం పేరు రాయడం, రోగి చేత ఒకసారి తిరిగి చెప్పించడం దీనికి విరుగుడు. గాఢమైన పొటాషియం క్లోరైడు నేరుగా నరంలోకి ఎక్కితే గుండె ఆగిపోతుంది. చూపులకు అది కూడా ఇతర ఇంజెక్షన్ల వంటి చిన్న సీసాయే. జాగ్రత్తగా ఉండండని నర్సులకు చెప్పడం కంటె, ఆ సీసాలను వార్డు అల్మరా నుండి తీసివేసి వేరుగా తాళం వేసి ఉంచడమే ఎక్కువ ఫలితమిచ్చినది.

మూడవది రోగి వెంట వచ్చిన సహాయకులు. విదేశీ గ్రంథాలలో వీరి ప్రస్తావన తక్కువ. మన ప్రభుత్వ ఆసుపత్రులలో సెలైను సీసా అయిపోతున్నదని నర్సుకు చెప్పేది, రక్తం కోసం చీటీ పట్టుకొని పరుగెత్తేది, స్ట్రెచర్ తోసేది, రోగికి అన్నం పెట్టేది చాలావరకు తల్లో, భార్యో, కొడుకో. వీరు లేకపోతే వార్డు నడవదు. అయినా ఏ నియమావళిలోనూ వీరికి పని చెప్పలేదు, నేర్పలేదు. చేతులు కడుక్కోమని గోడ మీద రాసిన ఐదు సందర్భాలు సిబ్బందికి ఉద్దేశించినవే. పనితీరును నిజాయితీగా చూసిన పరిశీలకునికి వార్డులో పనిచేసేవారి జాబితాలో సహాయకులను చేర్చక తప్పదు.

నాలుగవది డ్యూటీ మారే వేళ. ఇద్దరు నర్సులు బల్ల దగ్గర కేసు షీట్లు చూసుకొని అప్పగింతలు పెట్టుకోవడం ఒక పద్ధతి, ఒక్కొక్క మంచం దగ్గరకు నడిచి రోగి ఎదుటనే అప్పగించడం మరొక పద్ధతి. రెండవ దానికి పది నిమిషాలు ఎక్కువ పట్టినా, ఆగిపోయిన సెలైను, తడిసిన కట్టు అక్కడే కంటబడతాయి.

కనిగిరి ప్రాంతపు ప్రత్యేకతలు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగమైన కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మెట్టభూములు. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఒంగోలుకో, నెల్లూరుకో, గుంటూరుకో, కర్నూలుకో పోవలసిన ప్రదేశాలు. కనిగిరి నుండి ఒంగోలు సుమారు 80 కిలోమీటర్లు. అందుచేత ఇక్కడ ఒక రోగి చికిత్స సాధారణంగా రెండు మూడు చోట్ల జరుగుతుంది. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనాలు దూరాన్ని తగ్గించినవి గాని, పంపే చీటీలో ఏ మందు ఎంత ఇచ్చారో, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయకపోతే, అవతలివారు అదే మందు మళ్ళీ ఇవ్వడమో, అసలే ఇవ్వకపోవడమో జరుగుతుంది.

పొలం పనుల కాలంలో పాముకాటు కేసులు వస్తాయి. రక్తపింజరి కరచినపుడు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దానిని తెలుసుకోవడానికి రోగి రక్తం కొద్దిగా గాజు గొట్టంలో తీసుకొని, కదలించకుండా 20 నిమిషాలు ఉంచి, ఆ తరువాత వంచి చూస్తారు. ఖర్చు లేని పరీక్ష. కాని గొట్టం గాజుదే కావాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుపొడితో కడిగి ఆ అంశ మిగిలిన గొట్టమైనా, మంచి రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండిపోవచ్చు. అప్పుడు అవసరం లేని మనిషికి విషవిరుగుడు మందు ఎక్కుతుంది. ఆ మందు వలన కూడా కొందరికి ప్రమాదకరమైన వికటింపు వస్తుంది. తొందరపడి ఐదు నిమిషాలకొకసారి గొట్టాన్ని కదిపి చూడటమూ ఫలితాన్ని చెడగొడుతుంది. గొట్టాలను ఎవరు కడుగుతున్నారు, దేనితో కడుగుతున్నారు, 20 నిమిషాలను ఏ గడియారంలో చూస్తున్నారు అన్న ప్రశ్నలు వైద్యగ్రంథంలో చిన్న అక్షరాలలో ఉంటాయి. ప్రాణం మాత్రం వాటి మీదనే ఆధారపడి ఉన్నది.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత నీటిలోని ఫ్లోరైడు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట వర్ణించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఈ పరిశోధన షార్ట్, పండిట్, రాఘవాచారి గారలది. అంతకు ముందే పొదిలి ప్రాంతపు రైతులు తమ ఎద్దుల కీళ్ళు బిగిసి నడవలేకపోవడాన్ని గమనించారని చెబుతారు. రోజువారీ పనిలో కనబడిన తేడాయే శాస్త్రానికి దారి చూపినదన్నమాట.

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. డయాలసిస్‌కు వాడే నీటిలో అది 0.2 మిల్లీగ్రాములకు లోపే ఉండాలి. కారణం తేలికగానే తెలుస్తుంది. యంత్రంలో నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు ద్రవం ప్రవహిస్తే 120 లీటర్లు అవుతుంది. వారానికి మూడుసార్లయితే 360 లీటర్లు. తాగిన నీరు పేగుల గుండా పోతుంది, ఈ నీరు పలుచని పొరకు అవతల రక్తాన్ని ఆనుకొని పోతుంది. మూత్రపిండాలు పనిచేయవు కనుక చేరిన విషం బయటకు పోయే దారి కూడా లేదు. 1993లో అమెరికాలోని షికాగోలో నీటిని శుద్ధిచేసే తొట్టి సత్తువ అయిపోయిన సంగతి గమనించనందున, అందులో పేరుకొన్న ఫ్లోరైడు ఒక్కసారిగా నీటిలోకి వచ్చి, 12 మంది డయాలసిస్ రోగులు జబ్బుపడగా ముగ్గురు మరణించారు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో, ట్యాంకరుతో తెచ్చిన చెరువునీటిలోని నాచు విషం వలన యాభై మంది దాకా డయాలసిస్ రోగులు చనిపోయారు.

కనిగిరి వంటి పట్టణంలో డయాలసిస్ యంత్రం నడపడమంటే రోజూ చేయవలసిన లెక్క ఇది. ఉదాహరణకు బోరునీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదనుకొందాము. శుద్ధియంత్రం నూటికి 95 వంతులు తొలగిస్తే మిగిలేది 0.2, అనగా సరిగ్గా హద్దు మీద. పొర పాతబడి 90 వంతులే తొలగిస్తే 0.4, హద్దుకు రెట్టింపు. నీరు చూడటానికి, రుచికి ఒకటే. పైగా వేసవిలో ఆసుపత్రి బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పిస్తారు. ట్యాంకరు ఈ వారం ఒక బావి నుండి, వచ్చే వారం మరొక బావి నుండి వస్తుంది. నెలకొకసారి పరీక్ష చేశామని దస్త్రంలో ఉంటుంది, కాని పరీక్షించిన నీరు, ఈ రోజు పారుతున్న నీరు ఒకటి కావు. నీరు మారినపుడల్లా సాంకేతికునికి కబురు చేయవలసినది ట్యాంకరు డ్రైవరూ, కాపలాదారూ. రోగి భద్రతలో తమకు పాత్ర ఉన్నదని వారికి ఎవరైనా చెప్పారా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

తెలుగు రాష్ట్రాలలో కొన్ని దుర్ఘటనలు

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరచి ఒక పసికందు మరణించడం రాష్ట్రాన్ని కదిలించింది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు ట్యాంకరు రావడం ఆలస్యమై, పీడనం పడిపోయి, అధికారిక లెక్క ప్రకారం 11 మంది కరోనా రోగులు చనిపోయారు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరుగగా, తరువాత నలుగురు మరణించారు. ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో మాన్పించాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించి ఉన్నది. సాధారణంగా లాపరోస్కోపును ఒక రోగికి వాడిన తరువాత క్రిమిసంహారక ద్రవంలో 20 నిమిషాలు ఉంచాలి. చేతిలో ఎన్ని పరికరాలు ఉన్నాయో, ఎన్ని గంటలు పనిచేస్తారో తెలిస్తే, ఎంతమందికి చేయవచ్చునో ఎవరైనా లెక్క కట్టవచ్చు. ఈ లెక్క శిబిరం తేదీ నిర్ణయించేటప్పుడే కట్టవలసినది. ప్రతి దుర్ఘటన తరువాతా కొందరిని సస్పెండు చేయడం ఆనవాయితీ. వారి స్థానంలో వచ్చినవారు అదే గదిలో అవే పరికరాలతో పని మొదలుపెడతారు.

సరిచూసుకొనే పట్టికలు

విమానచోదకుల పట్టికల వంటివి ఆసుపత్రులలోనూ వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స పట్టికను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలో పరీక్షించగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రచురించారు. ఈ పనికి నాయకత్వం వహించిన అతుల్ గవాండే భారత సంతతి సర్జన్. అదే పద్ధతిలో కాన్పుల కోసం చేసిన పట్టికను ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రులలో, లక్షన్నరకు పైగా తల్లులతో పరీక్షించారు. శిక్షకులు వచ్చి పక్కన నిలబడి నేర్పినంత కాలం సిబ్బంది మంచి అలవాట్లు బాగా పెరిగాయి. శిక్షకులు వెళ్ళిపోయాక కొంత తగ్గాయి. తల్లీబిడ్డల మరణాలలో చెప్పుకోదగిన తేడా రాలేదని 2017లో తేలింది. మందులు, మనుషులు, పెద్ద ఆసుపత్రికి చేర్చే వసతి లేనిచోట పట్టిక ఒక్కటే ఏమీ చేయలేదని దీనిని బట్టి పలువురు అభిప్రాయపడ్డారు. పట్టికను పని అయిపోయిన తరువాత కూర్చొని ఒకేసారి టిక్కులు పెట్టి నింపడం అన్ని దేశాలలోనూ కనబడుతున్నదే.

భారతదేశంలో ఏర్పాట్లు

మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లోను, రక్తం ఎక్కించడంలో వచ్చే వికటింపులను నమోదు చేసేది 2012లోను మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతా ప్రమాణాలు 2013లో, పరిశుభ్రతకు బహుమతులిచ్చే కాయకల్ప 2015లో, కాన్పుగదులను మెరుగుపరచే లక్ష్య 2017లో వచ్చాయి. 2018లో కేంద్రప్రభుత్వం 2025 వరకు వర్తించే రోగి భద్రతా ప్రణాళికను ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్యకేంద్రాల వంటి మధ్యస్థాయి ఆసుపత్రుల కోసం 1986 నాటి చట్టంతో వైద్యవిధాన పరిషత్తు ఏర్పడింది.

విమర్శలు, అడ్డంకులు

పొరపాటును ఒప్పుకొంటే ఉద్యోగం పోతుందనే భయం అన్నిటికంటె పెద్ద అడ్డంకి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. రోగులకు ఇది న్యాయమే. కాని దాని తరువాత కేసు షీట్లను చికిత్స కోసం కాక కోర్టు కోసం రాసే అలవాటు పెరిగినదని వైద్యులు అంటారు. మరొకవైపు, బంధువులు సిబ్బంది మీద చేయిచేసుకొనే సంఘటనలు పెరగగా, ఉమ్మడి రాష్ట్రంలో 2008లో దీనిని అరికట్టే చట్టం చేయవలసి వచ్చింది. హోల్నాగెల్ మార్గాన్ని కూడా కొందరు విమర్శించారు. సర్దుబాట్లను మరీ మెచ్చుకొంటే, నర్సుల ఖాళీలు నింపకుండా వారి నేర్పునే పొగుడుతూ కాలం గడిపే వీలు పాలకులకు చిక్కుతుందని వారి వాదం. ఒక్క నర్సు నలభై మంచాలను ఎలా చూడగలుగుతున్నదో పరిశీలించవలసినదే గాని, ఆ పరిశీలన చివర రెండవ నర్సును అడగడం మరచిపోకూడదని వీరు అంటారు.